తూకం లేని ప్రయాణం

ఓడలోకి ఎన్ని కిలోలు తీసుకెళ్ళనిస్తారని అడిగితే మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండానే, "లెక్కేమీ లేదు నాన్నా, ఎంతైనా తెచ్చుకోవచ్చు" అంది. ఆ మాటకు మా ఆవిడ ముఖం వెలిగింది. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

నేను 34 ఏళ్ళు రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం రాజమండ్రిలోనే. కడియం నర్సరీల మొక్కలు, చేపల బుట్టలు, మోటారు సైకిళ్ళు, బదిలీ అయినవాళ్ళ ఇంటి సామాను, అన్నీ నా కాటా ఎక్కి దిగినవే. పెట్టెను చేత్తో కాస్త పైకెత్తి చూస్తే చాలు, కిలో అటూ ఇటూగా బరువు చెప్పేస్తాను. స్లీపర్ ప్రయాణికుడికి ఉచితంగా 40 కిలోలు, ఏసీ టూ టైరుకు 50, ఫస్టు ఏసీకి 70. అమెరికాకు విమానంలో వచ్చినప్పుడు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు. ఏది తీసుకెళ్ళాలో ఏది వదిలెయ్యాలో ఇన్నాళ్ళూ కాటాయే తేల్చింది. ఆవకాయ సీసా బరువెక్కువైతే చీర ఒకటి బయటికి వచ్చేది. ముల్లు చూపించిన అంకెతో ఎవరూ వాదించరు. ఇప్పుడు ఆ అంకె లేదు. మిగిలింది నేనూ, మా ఆవిడా.

జూన్‌లో ప్రయాణం. సియాటెల్‌లో ఓడ ఎక్కి, అలాస్కాలో జూనో, స్కాగ్వే, కెచికన్ ఊళ్ళలో దిగి, గ్లేసియర్ బేలో మంచునదులు చూసి, వచ్చేటప్పుడు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగి, ఎనిమిదో రోజు పొద్దున మళ్ళీ సియాటెల్‌లో దిగడం. అమ్మాయి, అల్లుడు, ఏడేళ్ళ మనవడు ఒక గదిలో. పక్క గదిలో మేమిద్దరం.

అల్లుడు ఆ గది కొలతలు కంప్యూటర్లో చూపించాడు. మా ఊళ్ళో వంటగదీ దాని పక్క సామాన్ల గదీ కలిపితే అంత ఉంటుంది. గోడకు ఒక బీరువా, ఒక బల్ల, అంతే. ఖాళీ చేసిన పెట్టెలు మంచం కింద తోసుకోవాలట. అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మంచం కింద రెండు పెట్టెలు పడతాయి, మూడోది పడదు. కాటా లేకపోతేనేం, మంచం ఉంది.

పది రోజుల ముందే మా గదిలో దుప్పటి పరిచి మూడు కుప్పలు పోశాం. వచ్చేవి, ఇంట్లో ఉండిపోయేవి, తగవులో ఉన్నవి. మొదటి రెండూ కలిపినా మూడోదానిలో సగం లేవు.

తగవులో మొదటిది ఆవకాయ. ఊళ్ళో బయలుదేరే ముందు పెట్టిన కొత్త ఆవకాయ. ఓడవాళ్ళ నిబంధనలు అమ్మాయి చదివి వినిపించింది. ఇంట్లో చేసిన తినుబండారాలు తేకూడదు, కొట్లో కొన్న సీలు విప్పనివైతే తెచ్చుకోవచ్చు. మా ఆవిడ అంతా విని, "అంటే ఎవరు చేశారో తెలియనిది మంచిది, నేను చేసింది అనుమానం. అంతేనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. సర్వీసులో నేను చేసిందీ అదే కదా. సీలు ఉన్న పెట్టెను నమ్మేవాడిని, తాడు కట్టిన మూటను విప్పి చూసేవాడిని. ఆవకాయ ఫ్రిజ్‌లో ఉండిపోయింది. దాని బదులు ఇండియన్ స్టోర్లో గోంగూర పచ్చడి సీసా, కందిపొడి పొట్లం, అల్లం మురబ్బా కొన్నాం. గోంగూర సీసా మీది ప్లాస్టిక్ పట్టీని మా ఆవిడ వేలితో తడిమి, "దీనికే గదా ఇంత మర్యాద" అంది.

వేడెక్కే వస్తువులన్నీ నిషిద్ధం. ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్ ఏవీ తేకూడదు. కొవ్వొత్తులు, అగరుబత్తులు కూడా కూడదు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే ఫైరింజను రాదు, దిగి పరుగెత్తడానికి ప్లాట్‌ఫారం ఉండదు. ఈ సంగతి నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. బట్టల మూటలని చెప్పి తెచ్చినవాటిలో బాణసంచా, కిరసనాయిలు స్టవ్వులు పట్టుకున్న రోజులు ఎన్నో ఉన్నాయి. ఇస్త్రీ పెట్టెను నేనే స్వయంగా తీసి ఉండిపోయే కుప్పలో పెట్టాను. శుక్రవారం దీపం మాటేమిటని మా ఆవిడ అడిగితే అమ్మాయి బ్యాటరీతో వెలిగే చిన్న ప్రమిదలు రెండు తెచ్చిచ్చింది. "నూనె లేదు, వత్తి లేదు. దీనికి దండం పెడితే ఎవరికి చేరుతుంది?" అంటూనే వాటిని చీర మడతలో పెట్టుకుంది.

బట్టల దగ్గర మా మాటలు తారుమారయ్యాయి. నా దగ్గర ఒక ఉన్ని కోటు ఉంది. మా బావమరిది డెహ్రాడూన్ నుంచి తెచ్చిపెట్టింది. రాజమండ్రి ఎండల్లో దాన్ని వేసుకునే భాగ్యం ఎన్నడూ కలగలేదు. స్ప్రింగు త్రాసుకు తగిలిస్తే 2 కిలోల 800 గ్రాములు. (అవును, త్రాసు కూడా అమెరికాకు తెచ్చాను. అది లేకుండా నేను ప్రయాణం చెయ్యను.) తన చీరలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్న మనిషి, తమ్ముడి కోటు దగ్గరకు వచ్చేసరికి ససేమిరా అంది. చివరికి అల్లుడు కల్పించుకున్నాడు. "మావయ్యగారూ, ఒక్క బరువైన కోటు కంటే నాలుగు పలచనివి ఒకదానిమీద ఒకటి వేసుకోవడం నయం. ఎండ వస్తే ఒకటి తీసేయొచ్చు. పైది మాత్రం నీళ్ళు దిగనిదై ఉండాలి." అక్కడ జూన్‌లో పగటిపూట వేడి మామూలుగా 16, 17 డిగ్రీలే. మనకు సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. కోటు ఉండిపోయింది. మా ఆవిడ దాన్ని మడతపెట్టిన తీరులో నాకు చెప్పదలచుకున్నది మొత్తం ఉంది.

కెచికన్‌లో దిగాక అల్లుడి మాట విలువ తెలిసింది. ఏడాదికి దాదాపు 150 అంగుళాల వాన కురిసే ఊరది, మా గోదావరి వైపు కురిసేదానికి మూడింతలు. 1949లో 202 అంగుళాలు పడిందని రేవు దగ్గరే పెద్ద కొలబద్ద బొమ్మ నిలబెట్టి గొప్పగా రాసుకున్నారు. ఆ ఉన్ని కోటు వేసుకుని ఉంటే తడిసి అయిదు కిలోలయ్యేది, ఆరేసరికి మేము ఇండియాలో ఉండేవాళ్ళం.

ఓడలో రెండు రాత్రులు అందరూ ముస్తాబై భోజనానికి రావాలట. అల్లుడు సూటు తీశాడు. నేను పట్టుపంచె పెట్టుకున్నాను. సూటుకు బూట్లు కావాలి, బూట్లు మంచం కింద చోటు తింటాయి. మా ఆవిడ కంచిపట్టు పెట్టబోయి, నా ముఖం చూసి ఉప్పాడ చీర తీసింది. ఉప్పాడ నేత తేలిక, మడిస్తే తువ్వాలంత. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో పట్టుచీర విషయంలో మేమిద్దరం ఒకే పక్షాన నిలబడటం అదే మొదలు. నగలు మాత్రం ఒక్కటి కూడా వద్దన్నాను. నల్లపూసలతోనే వచ్చింది. కొబ్బరినూనె సీసా వెంట వచ్చింది గాని వారం రోజులూ రాయిలా గడ్డకట్టే ఉంది.

చేతిసంచి పూర్తిగా నా శాఖ. పెద్ద పెట్టెలు రేవులో కూలీలకు అప్పగించేస్తే అవి సాయంత్రానికి గాని గది ముందుకు రావు. అందుకని బీపీ మాత్రలు, మా ఆవిడ థైరాయిడ్ మాత్రలు మూడు రోజులకు ఎక్కువగా లెక్కపెట్టి, చీటీలతో సహా చేతిసంచిలో పెట్టాను. పాస్‌పోర్టులు, వాటిలో కెనడా వీసా. అలాస్కా చూడటానికి కెనడా వీసా ఎందుకని మీరు అడగవచ్చు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉంది. పరాయి దేశపు జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని పరాయి రేవు ఒక్కటీ తాకకుండా తిరిగి అమెరికాలోనే దింపకూడదు. మా ఓడ రిజిస్ట్రేషన్ వేరే దేశానిది. ఆ విక్టోరియా సాయంత్రం ఆ చట్టం పుణ్యమే. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు బట్టల సంగతి తర్వాత చూసుకున్నా ఫరవాలేదు, ఈ వీసా పని నెలల ముందే చూసుకోవాలి.

రేవులో పెట్టెలకు చీటీలు కట్టే పద్ధతి చూసి ముచ్చటేసింది. గది నంబరు, అంతస్తు, పేరు ఉన్న కాగితపు చీటీ పిడికి చుట్టి పిన్ను కొడతారు. మేము వేసే పార్సిల్ మార్కా లాంటిదే, ఇంకాస్త రంగు ఎక్కువ. వేల పెట్టెలు, ఒక మధ్యాహ్నం. నిలబడి చూస్తుంటే మనవడు చెయ్యి పట్టి లాక్కెళ్ళాల్సి వచ్చింది.

రాత్రి ఎనిమిదికి ఒక పెట్టె వచ్చింది. రెండోది రాలేదు. దాని బదులు ఒక చీటీ వచ్చింది, కింది అంతస్తులో సెక్యూరిటీ వాళ్ళను కలవమని. వెళ్ళాం. అక్కడ ముప్ఫై నలభై పెట్టెలు వరసగా ఉన్నాయి, వాటి యజమానులు బడికి ఆలస్యమైన పిల్లల్లా నిలబడి ఉన్నారు. మా పెట్టె మేమే తెరవాలి. తెరిస్తే పైన నా పంచె, దాని కింద మా ఆవిడ చీరలు, చీరల మధ్య తువ్వాలులో చుట్టిన ఎలక్ట్రిక్ కెటిల్.

34 ఏళ్ళు ఇతరుల మూటలు విప్పించిన మనిషిని నేను. అక్కడి కుర్రాడు గోవా వాడట, హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదకే నాకు తల తిరిగింది. మా ఆవిడ మాత్రం, "పొద్దున్నే మీకు కాఫీ ఎవరిస్తారనే కదా" అంది, నేరం నా ఖాతాలో వేస్తూ. కెటిల్ తీసుకుని రసీదు రాసిచ్చారు. రసీదు చక్కగా ఉంది, వస్తువు వర్ణన, గది నంబరు, సంతకం. బరువు గడి లేదు.

కాఫీకి లోటు రాలేదు. పై అంతస్తు భోజనశాలలో రాత్రింబగళ్ళు వేడినీళ్ళు దొరుకుతాయి. అమ్మాయి ఎందుకూ పనికిరాదని పక్కన పడేసిన స్టీలు ఫ్లాస్కును నేను మొండిగా తెచ్చాను. వారమంతా మాకు అదే వంటిల్లు. రెండో రోజు నుంచి వడ్డించే అబ్బాయి అడగకుండానే నాకు పెరుగన్నం తెచ్చిపెట్టేవాడు. గోంగూర సీసా సీలు విప్పింది ఒకే ఒక్కసారి.

మొదటి రాత్రి వాంకూవర్ దీవికి పడమట తెరిచిన సముద్రంలోకి వెళ్ళాక ఓడ ఊగింది. పడవ ఎక్కడమంటేనే భయపడే మా ఆవిడ హాయిగా నిద్రపోయింది. నేను అల్లం మురబ్బా పొట్లం సగం ఖాళీ చేసి, స్నానాల గదిలో గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ గోడలు ఇనుపవని అప్పుడే తెలిసింది. పొద్దున్న మనవడు తన సంచిలోంచి అయస్కాంతపు కొక్కేలు ఆరు తీసి మా గది గోడకు టపటపా అంటించాడు. టోపీలు, తడి కోట్లు, చేతిసంచి, నా బైనాక్యులర్లు అన్నీ గోడెక్కాయి. వంద గ్రాములు లేని ఆ కొక్కేలంత పనికొచ్చిన వస్తువు ఇంకోటి లేదు. నేను ఆలోచించని వస్తువు కూడా అదొక్కటే.

స్కాగ్వేలో దిగిన రోజు నాకు పండగ. అక్కడ మూడడుగుల గేజి మీద నడిచే కొండ రైలుంది, వైట్ పాస్ అండ్ యూకాన్ రూట్. 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేశారు. 20 మైళ్ళలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని పట్టాల వంపులు చూస్తున్నాను. వ్యాఖ్యానం చెప్పే అమ్మాయి సామాను సంగతి ఎత్తింది. ఇక నాకు కిటికీ అక్కర్లేకపోయింది.

1896లో కొండలకు ఆవల క్లోండైక్‌లో బంగారం దొరికింది. మరుసటి ఏడాది జూలైలో పోర్ట్‌లాండ్ అనే ఓడ ఆ బంగారంతో సియాటెల్ రేవుకు వచ్చింది, మేము ఎక్కిన ఊరే. ఇక జనం వేలకు వేలు ఇటు పరుగెత్తారు. సియాటెల్ వర్తకులు వాళ్ళకు సామాను అమ్మి బాగుపడ్డారు. కనుమ దాటితే కెనడా. అక్కడ కెనడా పోలీసులు కాపలా ఉండి, ఏడాదికి సరిపడే తిండి లేనివాడిని లోపలికి రానివ్వలేదు. తిండికి గుడారం, పనిముట్లు కలిపితే మనిషికి దాదాపు టన్ను. 40 కిలోలు దాటితే డబ్బు కట్టమన్నవాడిని నేను. టన్నుకు తగ్గితే వెనక్కి పొమ్మనే కాటా ఒకటుందని వినడం అదే మొదటిసారి.

ఆ టన్ను ఒక్కసారిగా మోసేది కాదు. పక్కనున్న చిల్కూట్ కనుమలో ఇరవై అయిదు, ముప్ఫై కిలోల చొప్పున వీపున వేసుకుని, మంచులో చెక్కిన 1,500 మెట్లు ఎక్కి, పైన పెట్టి, కిందికి జారి, మళ్ళీ ఎక్కాలి. ఒక్కో మనిషి అదే కొండను ముప్ఫై, నలభై సార్లు ఎక్కాడు. మా రైలు వెళ్ళిన వైట్ పాస్ దారిలో బరువులు మోయలేక దాదాపు 3,000 గుర్రాలు చచ్చిపోయాయి. చిల్కూట్ శిఖరం దగ్గర మడతపెట్టే కాన్వాసు పడవల గుట్ట ఒకటి ఇప్పటికీ పడి ఉందట. ఆవల నది ఉంది కాబట్టి అమ్మొచ్చనో వాడొచ్చనో ఎవరో కొండ మీదికి పడవలు మోసి, సరిగ్గా పైకి చేరాక వదిలేసి వెళ్ళిపోయారు.

ఆ పడవలు నన్ను చాలాసేపు వదల్లేదు. కింద సామాను సర్దినప్పుడు అవి తప్పకుండా తీసుకెళ్ళే కుప్పలోనే ఉండి ఉంటాయి. ఆ మాటే మా ఆవిడతో అంటే, "ఆయన భార్య పక్కనుంటే కిందే వదిలించేది" అంది. నాకు కెటిల్ గుర్తొచ్చింది గాని, రైల్లో నలుగురూ ఉన్నారని ఊరుకున్నాను.

గ్లేసియర్ బేలో ఆ పూటంతా డెక్కు మీదే. నాలుగు పొరల బట్టలు, టోపీ, చేతిలో ఫ్లాస్కు. మంచుగోడ నుంచి ఒక పెళ్ళ విరిగి నీళ్ళలో పడింది. ముందు కంటికి కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది, అవతలి గట్టున పిడుగు పడినట్టు. మనవడు బైనాక్యులర్లు నాకు తిరిగివ్వలేదు. దాని మీద తగవు పెట్టుకోలేదు నేను.

ఆఖరి రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టేస్తే వాళ్ళే తీసుకెళ్ళి పొద్దున్న రేవులో ఉంచుతారు. ఇక్కడొక ప్రమాదం ఉంది. రేపు కట్టుకునే బట్టలు కూడా పెట్టెలో పెట్టేసి రాత్రి దుస్తులతో దిగినవాళ్ళు ఉన్నారట. మా అల్లుడు బెల్టు, బూట్లు పెట్టెలో పంపేసి చెప్పులతో దిగాడు. సూటు ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని నడిచాడు. నేను నవ్వలేదు, అల్లుడు కదా. మా పెద్ద పెట్టె జిప్పు మాత్రం ఆ రాత్రే తెగింది, కెచికన్‌లో కొన్న డబ్బాలు, బొమ్మలు కుక్కినందుకు. "పెట్టెకు తాడెందుకు నాన్నా, ఇదేమన్నా ప్యాసింజరు రైలా?" అని అమ్మాయి పది రోజుల క్రితం తీసి అవతల పడేస్తే, చాటుగా తెచ్చిన నైలాను తాడు నా చేతిసంచి అడుగున ఉంది. పార్సిల్ ముడి వేశాను. ఆ ముడి లాగినా ఊడదు.

పొద్దున్న దిగే ముందు రసీదు పట్టుకుని కెటిల్ కోసం వెళ్ళాం. పొడవాటి బల్ల మీద స్వాధీనం చేసుకున్నవన్నీ బారుగా పేర్చారు. ఇస్త్రీ పెట్టెలు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, కొవ్వొత్తులు. మా కెటిల్ పక్కన చిన్న రైస్ కుక్కర్ ఒకటి, మూత అంచున పసుపు మరక. మా ఆవిడ దాన్ని చూసి కదలకుండా నిలబడింది. రెండు నిమిషాలకు ఒకావిడ రసీదుతో వచ్చింది.

"మీదేనా అమ్మా?" అంది మా ఆవిడ.

"మాదేనండీ. పెసరపప్పు కాస్త ఉడకేసుకుందామని తెచ్చాను. మొదటిరోజే పట్టేసుకున్నారు. మీదేమిటి?"

"కెటిలు. మా ఆయన కాఫీ కోసం."

ఆవిడది గుంటూరట, కోడలి పురుడుకు వచ్చిందట, ఇంట్లో చేసిన ఆవకాయ సీసా ఎవరికంటా పడకుండా ఓడలోకి వచ్చిందట, వారమంతా అదే తిన్నారట. మా ఆవిడ నా వైపు తిరిగి ఒక్క చూపు చూసింది. నేను కెటిల్ చంకన పెట్టుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో వెతుకుతున్నట్టు రసీదు వైపే చూస్తూ నిలబడ్డాను. కింద కారు దగ్గర నుంచి అమ్మాయి ఫోను మీద ఫోను చేస్తోంది.